రేడియేటరు మీది బంతిపూల దండ

మా ఇంటి పాత కారు మా పెద్దమ్మ తలనీలాలతో తిరుమల కొండ ఎక్కిందని మా బంధువులందరూ చెబుతారు. పెళ్ళిళ్ళలో అరిటాకుల ముందు కూర్చుని చెబుతారు, నేను పక్కన ఉన్నా చెబుతారు. పెద్దమ్మ భక్తిని నేను తప్పుపట్టను. ఆమె జుట్టు, ఆమె ఇష్టం. కానీ కారు ఎక్కింది జుట్టుతో కాదు. దాని రేడియేటరు కడిగినదాన్ని నేను. ఆ రోజు మలుపులో దాని ముందు నిలబడినదాన్నీ నేనే.

డెబ్బయిల చివర, నేను బీయెస్సీ ముగించి ఇంట్లో ఉన్న రోజులవి. మా నాయన, పెదనాయన కలిసి చిత్తూరులో బెల్లం మండీ నడిపేవాళ్ళు. నాయన ఒకసారి గుడియాత్తం వైపు పోయి, అక్కడొక రైసు మిల్లు వెనకాల పడి ఉన్న దొరల కాలం నాటి కారును లారీ మీద వేసుకొచ్చాడు. వెనక సీటులో కోళ్ళు గుడ్లు పెట్టి ఉన్నాయి. మండీ షెడ్డులో బెల్లం మూటలు పక్కకు జరిపి దాన్ని పెట్టాడు.

రెండేళ్ళు ఆదివారాలన్నీ దానికే పోయాయి. నాయన ఒక్కడే బాగుచేసుకున్నాడన్నది కూడా బంధువుల మాటే. వాల్వులకు పేస్టు రాసి, వాటికి తగిలించిన కర్రను అరచేతుల మధ్య కవ్వంలా తిప్పి అరగదీసింది నేను. రేడియేటరు గొట్టాలు సున్నం పట్టి మూసుకుపోయి ఉంటే, చింతపండు పులుసు కాచి పోసి, మూడు రోజులు నానబెట్టి, నీళ్ళు తేటగా వచ్చే దాకా కడిగింది నేను. "రసానికి లేని చింతపండు బండికా!" అని అమ్మ మూతి తిప్పేది. అది మొదటిసారి స్టార్టయిన రోజు నాయన నూనె చేతులతోనే నా నెత్తి మీద తట్టాడు. ఆ తర్వాత సాయంత్రాలు పైనున్న గుడ్డ హుడ్డు మడిచేసి పూతలపట్టు రోడ్డులో పోయేవాళ్ళం. హారన్ బాతు అరిచినట్టు ఉండేది. ఎడ్లబండ్ల వాళ్ళు నవ్వి దారి ఇచ్చేవాళ్ళు.

పెదనాయనకు మాత్రం షెడ్డు కావాలి.

"రేయ్, ఈ తుక్కును యాడన్నా పెట్టుకో. బెల్లం వానకు తడిసిపోతా ఉండాది" అన్నాడు ఒక రోజు.

"తుక్కా? కొండ ఎక్కించి చూపిస్తా సూడు."

"ఎక్కకపోతే?"

"నువ్వు చెప్పినట్టే. పాత ఇనుమోడికి ఇచ్చేస్తా."

నన్ను ఒక్క మాట అడగకుండా నాయన పందెం ఒప్పుకున్నాడు.

మా వైపు కొత్త బండి ఏది వచ్చినా ముందు కొండకే పోవాలి. అలిపిరిలో ఆగి, టెంకాయ కొట్టి, నిమ్మకాయలు తొక్కించి, ముందర దండ కట్టాలి. దండ ఎంత లావుంటే అంత గౌరవం. ఆ రోజు సంబరంలో నాయనే స్వయంగా నా చేయంత లావు బంతిపూల దండ తెచ్చి, గ్రిల్లుకు అడ్డంగా మూడు వరసలు చుట్టాడు. నేనూ చూశాను. బాగుందనుకున్నాను. ఆ తప్పులో నాకూ వాటా ఉంది.

నాయన నడుపుతున్నాడు, పెదనాయన పక్కన, పెద్దమ్మా నేనూ వెనక. సగం కొండ దగ్గర ఒక మలుపులో ఆవిరి బుసకొట్టింది. బండి ఆగిపోయింది.

"నేను సెప్పలా? రేపే ఇనుమోణ్ణి పిలిపిస్తా" అని పెదనాయన దిగి, బస్సుకు చెయ్యెత్తడానికి పైకి నడిచాడు.

నేను కడిగిన రేడియేటరు అంత తేలిగ్గా మూసుకుపోదని నాకు తెలుసు. దిగి ముందుకు పోయి చూశాను. గ్రిల్లు నిండా పూలు. గాలి దూరే సందే లేదు. దండ మీద చెయ్యి వేశాను.

"ముట్టొద్దు మే! పూజ చేసిన దండ పైకి పోయే దాకా తీయకూడదు" అని పెద్దమ్మ అరిచింది.

"ఇది తీయకుంటే పైకి పోయేదే లేదు పెద్దమ్మా."

"బీయే సదివితే సామికన్నా నీకే ఎక్కువ తెలుసునా?"

"బీయెస్సీ పెద్దమ్మా."

ఆమె నా వైపు చూడడం మానేసి, కొండ వైపు తిరిగి కళ్ళు మూసుకుంది. "సామీ, ఈ బండి ఎక్కిందంటే నా తలనీలాలు ఇచ్చుకుంటా" అని గట్టిగా మొక్కుకుంది. ఆమె గోవిందా అంటూ కళ్ళు మూసుకుని ఉన్నంతలో నేను దండ విప్పి, వెనక స్టెప్నీ టైరుకు వేసేశాను. తడిగుడ్డ పట్టుకుని నాయన నన్నే చూస్తున్నాడు. ఇంజను చల్లారాక మూత మెల్లగా తిప్పి, కొద్దికొద్దిగా నీళ్ళు పోసి, హ్యాండిల్ వేసి తిప్పాడు. దారిలో పెదనాయననూ ఎక్కించుకుని పైదాకా పోయాం. మళ్ళీ ఒక్కసారీ ఆవిరి రాలేదు.

కల్యాణకట్టలో పెద్దమ్మ గుండు చేయించుకుని, చందనం రాసుకుని బయటికి వచ్చింది. పెదనాయన ఇంకా షెడ్డు వదల్లేదు. "ఎక్కిందిలే గానీ, నడిమధ్యలో ఆగింది గదా" అన్నాడు.

నాయన ఆమె గుండు వైపు చూపించాడు. "వదినె తలనీలాలిచ్చి ఎక్కించిన బండినా అన్నా, ఇనుమోడికిచ్చేది?"

కారు మాకు దక్కింది, షెడ్డూ దక్కింది. ఆ ఒక్క మాటకు నేను నాయనను ఎప్పుడో క్షమించేశాను. దండ సంగతి చెప్పి ఉంటే పెదనాయన ఇంకో వంక వెతికేవాడు. మొక్కు మీద ఏ వంకా పెట్టలేడు.

దిగేటప్పుడు అడిగాను: "నేను దండ తీసింది చూసినావు గదా నాయనా?"

"మలుపుల్లో మాట్లాడించొద్దు మే" అన్నాడు.

ఆ తర్వాత ప్రతి ఆయుధపూజకూ దండ తానే కట్టేవాడు. ఎప్పుడూ వెనక స్టెప్నీకే, ఒక్కసారీ ముందర కట్టలేదు. అంటే ఆయనకు తెలుసు. పెదనాయన వేరే గోడౌను చూసుకుని పోయాడు, కారుకు ఇక ఏ భయమూ లేదు. అయినా ఇంటికి ఎవరు వచ్చినా, నేను కాఫీ లోటాలు తెచ్చి ముందు పెడుతుంటే, నాయన వాళ్ళకు చెప్పింది పెద్దమ్మ తలనీలాల కథే. ఆయన పోయేదాకా అదే కథ. తాను ముందర కట్టిన దండ మాట, నేను దాన్ని తీసిన మాట అందులో ఎప్పుడూ లేవు. కారును కాపాడుకోవడం అయిపోయాక కూడా, ఆ కథ ఎవరి కోసం?