మాస్టారి కంప్యూటరుకి బోర్డు వెతికిన రోజులు

ఇంటర్లో నాకు లెక్కలు చెప్పిన మాస్టారికి యాభై దాటకముందే నీటికాసుల జబ్బుతో చూపు పోయింది. ఉద్యోగం వదిలేసి రేపల్లెలో ఉండేవారు. ఆయన భార్య భట్టిప్రోలు బళ్ళో టీచరు. పొద్దున వెళ్తే మళ్ళీ సాయంత్రమే రావడం. నేను అప్పట్లో బాపట్లలో ఒక కాలేజీ కంప్యూటర్ ల్యాబులో పనిచేస్తూ రోజూ తెనాలి నుంచి రైల్లో వెళ్ళొచ్చేదాన్ని.

మాస్టారు కంప్యూటరు మీద ఇంగ్లీషులో లెక్కల పుస్తకం రాస్తున్నారు. తెర మీది అక్షరాల్ని పైకి చదివే చిన్న పెట్టె ఒకటి దానికి తగిలించి ఉండేది.

సెలవు దొరికిన ఒక గురువారం మధ్యాహ్నం చూడ్డానికి వెళ్ళాను. కంప్యూటరు ముందు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

"ఏంటి మాస్టారూ, పెట్టె మాట్లాడట్లేదా?"

"పొద్దున ఎనిమిదింటి నుంచీ లేదమ్మా. ఫ్యాను తిరుగుతున్నట్టు వినపడుతోంది. లోపల ఏమైందో తెలీదు."

తెర మీద ఒకే ఒక్క వాక్యం ఉంది. లోపలి మదర్‌బోర్డు మీది బ్యాటరీ బలహీనపడింది, ముందుకు వెళ్ళాలంటే ఫలానా మీట నొక్కమని. నొక్కాను. కాసేపట్లో పెట్టె మాట్లాడింది. ఒక్క మీట కోసం అన్ని గంటలు కూర్చున్నారని నేను చెప్పకుండా ఉండాల్సింది. చెప్పేశాను.

"ఇలా చాలాసార్లయింది," అన్నారు. "మా ఆవిడొచ్చి చదివిందాకా కూర్చోవడమే."

స్విచ్ వెయ్యగానే ముందు లేచేది బోర్డు మీది ఒక చిప్పులో ఉండే ప్రోగ్రాం. అది తన కష్టసుఖాలన్నీ తెరకే చెప్పుకుంటుంది; పెట్టెకి అక్షరాలు పంపే సాఫ్ట్‌వేరు అప్పటికింకా మొదలవదు. దాని బదులు పెట్టుకునేలా కొందరు ఒక ప్రోగ్రాం రాసి అందరికీ ఇస్తున్నారని తెనాలి నెట్ సెంటర్లో చదివాను. అది ప్రతి అడుగూ వెనకనుండే సీరియల్ పోర్టులోంచి అక్షరాలుగా పంపుతుంది. మాస్టారి పెట్టె తగిలించి ఉన్నదీ ఆ పోర్టుకే.

ఆ మాట చెప్తే ఆయన అడిగింది ఒక్కటే. "ఆ ప్రోగ్రాం ఎలా రాశారో ఎవరైనా చదవొచ్చా?"

"చదవొచ్చండి. మార్చుకోవచ్చు కూడా."

"అయితే నాకదే కావాలమ్మా."

అది నడిచే బోర్డుల జాబితా చాలా చిన్నది. కొట్లలో దొరికే కొత్త బోర్డు ఒక్కటీ అందులో లేదు. కొన్నిటికి సీరియల్ పోర్టే లేదు, కొన్నిటికి చిప్పుని టంకం వేసి అతికించేశారు. చెడితే ఊడదీసి ఇంకోటి పెట్టే వీలుండాలి. పాతది తీసుకుంటే కంప్యూటరు నెమ్మదిగా నడుస్తుందని చెప్పాను. "నాకన్నా నెమ్మదా?" అన్నారు. నవ్వలేదు.

చివరికి మా కాలేజీ తీసిపారేసిన కంప్యూటర్లలో జాబితాలో ఉన్న బోర్డు కనిపించింది. ల్యాబు చూసే సార్‌ని అడిగి ఒకటి తెచ్చుకున్నాను. కొత్త ప్రోగ్రాం ఎక్కించి, చిప్పుని తిరిగి దాని గూట్లో కూర్చోబెట్టేటప్పుడు తొందరపడ్డాను. స్విచ్ వేశాక కాలిన వాసన వచ్చింది. చూస్తే, చిప్పుని అటు చివర ఇటు వచ్చేలా పెట్టేశాను. ఉన్నదీ ఆ ఒక్క చిప్పే.

రేపల్లె వెళ్ళి జరిగింది చెప్పాను. ఆయన తిట్టలేదు. "ఎటు తిప్పి పెట్టాలో ఎలా తెలుస్తుంది?" అని అడిగారు. కాలిన చిప్పు ఆయన చేతిలో పెట్టాను. ఒక చివర చిన్న గంటు ఉంటుంది. దాన్ని బొటనవేలి గోటితో చాలాసేపు తడిమారు.

మిగతా కంప్యూటర్లు అప్పటికే పాతసామాను కొట్టుకి వెళ్ళిపోయాయి. మూడు శనివారాలు బాపట్లలో ఆ కొట్టుకి వెళ్ళి గుట్టలు వెతికాను. ఆ రకం బోర్డులు రెండు, చిప్పులు చెడకుండా దొరికాయి. ఈసారి ఒక దాన్లో ప్రోగ్రాం ఎక్కించాను, రెండోదాన్ని ముట్టుకోలేదు.

ఒక ఆదివారం రేపల్లెలో మాస్టారే చిప్పు పెట్టారు. గూటి గంటూ చిప్పు గంటూ వేళ్ళతో సరిచూసుకుని రెండు బొటనవేళ్ళతో అదిమారు. నేను చూస్తూ నిలబడ్డాను. స్విచ్ వేశారు. పెట్టె ఒక్కసారిగా గబగబా ఏదో వాగడం మొదలెట్టింది. అన్ని వివరాలు అక్కర్లేదని ప్రోగ్రాం అమరికలో తగ్గించి, మళ్ళీ మొదలుపెట్టాను. ఇప్పుడు మెమరీ ఎంతుందో, ఏ డిస్కు దొరికిందో ఒక్కొక్క మాటే చెప్పుకొచ్చింది.

మాస్టారు తల వంచుకుని విన్నారు. ఆపి మళ్ళీ వేశారు. మూడోసారి కూడా. మాస్టారి భార్య గుమ్మంలో నిలబడి కొంగుతో కళ్ళు తుడుచుకుంటుంటే, నేను ఆయన వైపు చూడకుండా స్క్రూలు ఏరుకున్నాను.

ఏడాది తరవాత ఒక పొద్దున ల్యాబుకి ఫోన్ చేశారు. "అమ్మా, మెమరీ చెడిందంటోంది పెట్టె. రెండు ముక్కలూ తీసి ఒక్కొక్కటే పెట్టి చూశాను. కిటికీ వైపుది పోయింది. అలాంటిది దొరికితే తీసుకురా. తొందరేం లేదు, మిగిలినదాంతో ఏడో అధ్యాయం రాసుకుంటున్నాను."