మస్కట్ పేటలో ఉతికిన చీర

దయ్యాలంటే నాకు చిన్నప్పటి నుంచీ నవ్వే. శ్మశానం పక్కనున్న చేనుకి నీళ్లు పెట్టడానికి మా నాన్న వెంట ఎన్నోసార్లు వెళ్లాను. అక్కడ కప్పలు తప్ప ఏమీ కనపడలేదు. ఎవరికైనా గాలి సోకిందంటే ముందు జ్వరం బిళ్ల ఇచ్చే మనిషిని. ఇప్పుడైనా ఎవర్నీ నమ్మించాలని ఇది చెప్పడం లేదు.

నా మెట్టినిల్లు రాజోలు దగ్గర చిన్న పేట. కాగితాల్లో దానికి వేరే పేరుంది గానీ, ఆ పేరు చెబితే ఆటో కూడా రాదు. ఇంటికొక ఆడమనిషి మస్కట్‌లో ఇంటిపనికి వెళ్లింది కాబట్టి అందరికీ అది మస్కట్ పేట. ఆ పట్నం ఏ దిక్కున ఉందో మా అత్తగారికి తెలియదు. అయినా పక్కూరివాళ్లొస్తే అక్కడే పుట్టి పెరిగినట్టు కబుర్లు చెప్పేది.

పేటలో ఒక ఆచారం ఉంది. వెళ్లే మనిషి చివరగా కట్టి విడిచిన చీరని ఉతక్కుండా దండెం మీద వదిలి వెళ్తుంది. పిల్లలు దాన్నే కప్పుకుని పడుకుంటారు. తిరిగొచ్చాక మంచినీళ్లయినా తాగకముందే ఆ చీరని తనే ఉతికి ఆరేస్తుంది. అప్పటిదాకా ఇంకెవరూ దాన్ని నీళ్లలో ముంచరు. ఆ మురికి చూస్తే నాకు ఒళ్లు మండేది.

తొంభైల చివర్లో మా ఆడపడుచు రత్నం వెళ్లింది. మొగుడు పోయాడు. నాలుగేళ్ల కూతురు బుజ్జిని మా దగ్గర వదిలింది. తల్లి ఆకుపచ్చ చీర ముక్కుకి ఆనించుకుంటే తప్ప ఆ పిల్లకి నిద్ర పట్టేది కాదు.

శుక్రవారం అక్కడ సెలవు. ఆ రోజు మేం ఎస్టీడీ బూత్ దగ్గర కూర్చుంటే రత్నం ఫోన్ చేసేది. రెండో ఏడు ఫోన్లు ఆగిపోయాయి. పంపిన ఏజెంటుని అడిగితే "ఇల్లు మారిందండీ, చేస్తాదండీ" అని తప్పించుకున్నాడు.

ఎండాకాలం, మిట్టమధ్యాహ్నం. నేను వీధరుగు మీద మిషను కుడుతున్నాను. అత్తగారు గుమ్మంలో పడుకుంది. పెరటి తలుపు లోపలి నుంచి గడియ వేసి ఉంది. నా పక్కనే ఆడుకుంటున్న బుజ్జి నిద్రొచ్చి చీర కోసం లోపలికి వెళ్లి, ఒక్కసారిగా అరిచింది.

"అత్తా! అమ్మొచ్చేసింది! చీర ఉతికేసింది!"

వెళ్లి చూశాను. దండెం మీద ఆ చీర తడితడిగా ఉంది, అంచు నుంచి నీళ్లు కారుతున్నాయి. మా ఇంట్లో ఎన్నడూ వాడని సబ్బు వాసన. పిల్ల ఒంటి మీద చుక్క తడి లేదు. గడియ తీసి చూస్తే బోరింగు గట్టు ఎండిపోయి ఉంది, బకెట్లూ అంతే.

బుజ్జి తలుపుల వెనకా, మంచం కిందా, పక్కిళ్లలోనూ తల్లిని వెతికింది. మా ఆయన సైకిలు తీశాడు. "బస్సు దిగి ఎవరింట్లోనైనా కూర్చుందేమోనే అమ్మా, చూసొస్తాను" అన్నాడు వాళ్లమ్మతో. సిగ్గు విడిచి చెబుతున్నాను, నేను కూడా ఒక మనిషికి ఎక్కువ బియ్యం పోశాను. చీకటి పడ్డాక ఆయన ఒక్కడే వచ్చాడు.

వానాకాలంలో కబురు తెలిసింది. రత్నం ఆ వేసవిలోనే పోయిందట, అక్కడే పూడ్చేశారట. ఏ రోజో ఎవరూ చెప్పలేకపోయారు. కూతురు ఆఖరిసారి ఇంటికొచ్చి వెళ్లిందని అత్తగారు నమ్మింది, ఆ నమ్మకంతోనే కన్నుమూసింది.

నాకు ఆ నమ్మకం కుదరదు. ఆ రోజు పడుకోబోతూ బుజ్జి చీర ముక్కుకి ఆనించుకుంది. "ఇది అమ్మది కాదు" అని నెట్టేసింది. తెల్లవార్లూ ఏడ్చింది. మళ్లీ దాన్ని ముట్టుకోలేదు. ఇప్పుడు పదో తరగతికి వచ్చింది, తల్లి మొహం గుర్తులేదంటుంది.

ఆ చీర ఎవరు ఉతికారో నాకు ఈనాటికీ అంతుపట్టలేదు. వచ్చింది రత్నమే అయితే, కన్నబిడ్డకి తన గుర్తుగా మిగిలిన ఆ కాస్త వాసనా ఎందుకు కడిగేసి పోయింది?