బావగారు బయటకు వెళ్లిన వాయిదా

మా అమ్మాయి ఈమధ్యే లాయరుగా ప్రాక్టీసు పెట్టింది. మొన్న పొద్దున్నే వరండాలో పచార్లు చేస్తూ, మర్నాడు సాక్ష్యం చెప్పాల్సిన ఒకావిడకి సాదా చీర కట్టుకోమనీ, అడిగినదానికే జవాబు చెప్పమనీ ఫోనులో పాఠం చెబుతుంటే, కాఫీ కలుపుతున్న నాకు తొంభైల నాటి తణుకు కోర్టూ, మా పిన్నీ గుర్తొచ్చారు.

పిన్ని భర్త చిన్న వయసులోనే పోయాడు. ఆయన వాటా పొలం కూడా అన్నగారే, అంటే పిన్ని బావగారే, సాగు చేసుకుంటూ, కబురు పెట్టినప్పుడల్లా చూద్దాంలే అనేవారు తప్ప పంచి ఇచ్చింది లేదు. ఆ పొలం తప్ప వేరే ఆధారం లేదు కనుక, మా అమ్మ పోరగా పోరగా పిన్ని దావా వేసింది.

పెద్దింటి ఆడవాళ్లు కోర్టు మెట్లెక్కడమంటే అప్పట్లో మాటలా! ముందురోజు లాయరుగారు ఆవిడని కూర్చోబెట్టి, పట్టుచీర వద్దనీ, ఒంటినిండా నగలు దిగేసుకుని జరుగుబాటు లేదంటే ఎవరు నమ్ముతారనీ, బోనులో తల దించుకోకుండా జడ్జిగారిని చూస్తూ గట్టిగా చెప్పమనీ ఒకటికి పదిసార్లు చెప్పారు. అప్పుడే బళ్లో టీచరుగా చేరిన నేను సెలవు పెట్టి తోడు వెళ్లాను. గంజి పెట్టిన నేతచీరలో నాకంటే పిన్నే టీచరులా ఉంది.

అన్నీ చెప్పిన లాయరుగారికి ఒక్క సంగతి తట్టలేదు. పిన్ని అత్తారింట్లో కోడళ్లు బావగారి కంటపడరు, ఆయన వింటుండగా గొంతెత్తరు. ఆయన వీధిలో దగ్గితే చాలు, పిన్ని తలుపు చాటుకి వెళ్లిపోయేది. ఆయన మీదే దావా వేసి కూడా ఆ మర్యాద వదల్లేదు, మహాతల్లి! బోనెక్కి చూసేసరికి ఎదురుగుండా బెంచీ మీద బావగారు. అంతే, చెంగు నిండా కప్పుకుని గోడవైపు తిరిగిపోయింది. జడ్జిగారు అడిగినా ఉలకదు, పలకదు. దగ్గరకొచ్చి బతిమాలిన లాయరుగారితో, "ఆయన వింటుండగా నోరెలా విప్పనండీ?" అని గొణిగింది. నాకు ఒళ్లు మండిపోయింది. సాక్ష్యం చెప్పకపోతే ఇక ఆ పొలం మీద ఆశ వదులుకోవలసిందే.

అప్పుడు బావగారు లేచారు. తన లాయరు చెయ్యి పట్టుకుని ఆపుతున్నా వినిపించుకోకుండా, జడ్జిగారికి దణ్ణం పెట్టి, "మా మరదలు మాట్లాడాలండి, నేను బయటుంటానండి" అని, భుజం మీది కండువా సర్దుకుంటూ వరండాలోకి వెళ్లిపోయారు.

పిన్ని ఇటు తిరిగి, ఆయన చేసిందంతా పూస గుచ్చినట్టు చెప్పింది. మేం బయటకొచ్చేసరికి ఆయన మాకు వీపు పెట్టి వరండా చివర నిలబడి ఉన్నారు. తర్వాత తీర్పు పిన్ని పక్షానే వచ్చింది.

ఆ చాటూ మాటూ పోయినందుకు నాకేం దిగులు లేదు, సగం జీవితం తలుపు వెనక గడపడం ఏం మర్యాద! అయినా ఉండబట్టలేక, ఇదంతా మా అమ్మాయికి చెప్పి, ఇప్పుడెవరైనా అలా లేచి వెళ్తారా అని అడిగాను. "భలేదానివమ్మా, బెదరగొట్టడానికి కావాలనే ఎదురుగా వచ్చి కూర్చుంటారు" అని నవ్వింది. పొలం దిగమింగిన మనిషే, తన మీద చెప్పడానికి వచ్చినావిడ నోరు పెగలాలని పక్కకి తప్పుకున్నారు. చుట్టాలూ స్నేహితులూ ఎలాగూ దొరుకుతారు గానీ, అలాంటి పగవాడు ఇక దొరకడు కదా అని ఎందుకో బెంగగా అనిపించింది.