ముందు ఏది, తర్వాత ఏది

మా మేనత్త వస్తోందంటే బంధువులు పిల్లలకు మేజోళ్ళు తొడిగేవారు. ఎండాకాలమైనా సరే. ఎందుకంటే ఆవిడ ఎవరింటికి వెళ్ళినా, ఇచ్చిన మంచినీళ్ళు తాగకముందే చంటిపిల్ల ఎక్కడుందో వెతుక్కుంటూ వెళ్ళి కాళ్ళు పట్టుకుంటుంది. పాదం మీద బొటనవేలితో నొక్కి, కాసేపు అలాగే ఉంచి, తీసి చూస్తుంది. చర్మం వెంటనే లేచి మామూలైతే సరి, ముద్దు పెట్టుకుని వదిలేస్తుంది. సొట్ట అలాగే ఉండిపోతే అది కండ కాదు, నీరు. సరైన తిండి లేని పిల్లల ఒంట్లో చేరే నీరు. మా బంధువుల ఇళ్ళలో అలాంటి పిల్లలు ఎక్కడ దొరుకుతారు? అందరూ తిన్నది అరక్క ఆపసోపాలు పడేవాళ్ళే. అయినా ఆవిడ నొక్కడం మానలేదు.

పిల్లల కాళ్ళు ఇంత ఇష్టంగా పట్టుకునే మనిషికి పైవాళ్ళ కాళ్ళు పట్టుకోవడం మాత్రం చేతకాలేదు. అందుకే ఆవిడ పరిశోధనశాల ఆస్పత్రిలో విరిగిన మంచాలు పడేసే గదిలో ఉండేది. పరిశోధన కోసం ఆ మంచాలు తీయించారనుకునేరు. వాటి మధ్యనే ఒక బల్ల ఇరికించి ఇచ్చారు.

"మీ అత్త ఏం చేస్తుందిరా అంటే, పిల్లలు వదిలిన గాలిని సంచుల్లో మూట కడుతుంది" అనేవాడు మామయ్య, ఇంటికొచ్చిన ప్రతివాళ్ళ దగ్గరా. మాటలో వెటకారం ఉంది గాని అబద్ధం లేదు. గుర్తు పట్టడానికి వీలైన చక్కెర కలిపిన పాలు పిల్లకు పట్టి, ఆ తర్వాత పిల్ల వదిలిన ఊపిరిని సంచిలో పట్టి పరీక్షిస్తే, ఆ ఒళ్ళు దేన్ని ఖర్చు చేసుకుని బతుకుతోందో తెలుస్తుందట. చాలాకాలం తిండి చాలని పిల్ల ఒంట్లో అన్ని పనులూ నెమ్మదిస్తాయి. సగం తలుపు మూసిన కొట్టులాంటిది ఆ కాలేయం. పాపం ఆకలితో ఉందని ఒక్కసారిగా కడుపునిండా పెడితే గుండె తట్టుకోలేదు. కాబట్టి మొదట పలచని పాలు, చెంచాతో, కొంచెం కొంచెంగా పట్టాలి. అప్పుడు నీరు తీస్తుంది. నీరు తీస్తే బరువు తగ్గుతుంది. కండ పట్టడం ఆ తర్వాత సంగతి. అంటే ఇలాంటి పిల్ల బాగుపడుతోందనడానికి మొదటి గుర్తు చిక్కిపోవడం.

ఈ ఒక్క ముక్క చెప్పడానికి ఆవిడకు జీవితం పట్టింది. సదస్సుల్లో చప్పట్లు కొట్టారు. కొట్టిన చేతులతోనే పళ్ళాలు పట్టుకుని భోజనాల వరసలోకి పరిగెత్తారు. ఉబ్బిన పిల్లను చూసి "ఒళ్ళు చేసింది" అని మురిసిపోయే జనానికి ఎన్ని వ్యాసాలు రాస్తే మాత్రం ఎక్కుతుంది? పైగా జనం దాకా ఎందుకు, సొంత ఆస్పత్రిలోనే ఎక్కలేదు.

కొత్త డైరెక్టరు వచ్చాడు. ఎముకల డాక్టరు. ఎవరి కాళ్ళు ఎప్పుడు పట్టుకోవాలో, ఎప్పుడు లాగాలో క్షుణ్ణంగా తెలిసినవాడు. వచ్చీ రాగానే మా అత్త చూసే పిల్లల వార్డుకు పేరు తెస్తానన్నాడు. పేరంటే ఆయన దృష్టిలో బోర్డు. ఆస్పత్రి గేటు పక్కన, బస్టాపు నెత్తిమీద, ఇంత పొడుగు బోర్డు పెట్టించాడు. దానిమీద మా అత్త వ్యాసంలోంచి తీసుకున్న ఒకే పాప ఫొటోలు రెండు. వార్డులో చేరిననాటిది ఒకటి, నీరు తీశాక తీసింది ఒకటి. ప్రచారం చూసే ఆయన రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని బుర్ర ఉపయోగించాడు. అదే కొంప ముంచింది. చిక్కిన పాప కింద 'ముందు' అని, ఉబ్బిన పాప కింద 'తర్వాత' అని వేయించాడు. అడుగున ఎర్ర అక్షరాలతో 'మా వైద్యం, మీ బిడ్డకు బొద్దుతనం'.

రోజూ అత్తను స్కూటరు మీద దింపేది నేనే. ఆ పొద్దున బోర్డు చూసి ఆవిడ వెనకనుంచి నా భుజం ఎంత గట్టిగా పట్టుకుందంటే, స్కూటరు పక్కన నడుస్తున్న పెద్దాయన మీదికి పోనిచ్చాను. ఆయన తిట్టిన తిట్లు నాకు, తగలాల్సింది డైరెక్టరుకు.

అత్త నేరుగా ఆయన గదిలోకి వెళ్ళింది. నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను.

"అది తిరగేసి పెట్టారండీ. జబ్బు పిల్లని బాగైన పిల్ల అంటున్నారు."

"మేడం, జనానికి చూడగానే అర్థం కావాలి కదా."

"అర్థమవుతోందండీ. అదే నా ఏడుపు."

"చూద్దాం లెండి, వచ్చే సమావేశంలో పెడదాం" అని ఆయన నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నాడు. సమావేశాలు జరిగాయి. బిస్కట్లు అయిపోయాయి. బోర్డు అలాగే ఉంది.

ఆ బస్టాపు ఊడ్చే ఆమెకు ఒక చిన్న కూతురు. తల్లి ఊడుస్తుంటే పిల్ల ఆ బోర్డు కింద గోనెపట్టా మీద కూర్చునేది. ఒకరోజు ఆమె ఆ పిల్లను చంకన వేసుకుని వార్డుకు వచ్చింది. పిల్ల ముఖం ఉబ్బి ఉంది, కాళ్ళు ఉబ్బి ఉన్నాయి, చర్మం పొరలు లేస్తోంది. ఏడవడానికి కూడా ఓపిక లేదు. అత్త పాదం నొక్కింది. సొట్టలో శనగగింజ పెట్టొచ్చు.

"ఇంతదాకా ఎందుకు ఉంచావమ్మా? గేటు దగ్గరే కదా ఉంటావు?"

"బోర్డు మీద రెండో పాప లాగే ఉంది కదా డాక్టరమ్మా! అందరూ ఒళ్ళు చేసిందన్నారు. మందూ మాకూ లేకుండానే బాగుపడింది, అదృష్టం అనుకున్నా."

అత్త పిల్లను చేర్చుకుని, మొదటి చెంచాలు తనే పట్టి, డైరెక్టరు గదికి నడిచింది. లోపలికి వెళ్తూనే ఆయన కుర్చీ ముందు మోకాళ్ళ మీద కూర్చుని కాళ్ళు పట్టుకుంది. నా పక్కనున్న గుమాస్తా ముఖం వెలిగిపోయింది. "మొత్తానికి దారికొచ్చింది" అన్నాడు. డైరెక్టరు కూడా "అయ్యయ్యో, లేవండి మేడం" అంటూ కాళ్ళు వెనక్కి తీసుకోకుండా అలాగే ఉంచాడు. అత్త ఆయన మేజోడు కిందికి లాగి, మడమ పైన బొటనవేలు గుచ్చి, తీసింది. సొట్ట అలాగే ఉండిపోయింది.

"మీకూ నీరు పట్టింది. గుండె చూపించుకోండి. లేదంటే ఇదీ బొద్దుతనమే అనుకుని ఫొటో తీయించి బోర్డెక్కించండి."

ఆయన బోర్డు మార్పించమని వెంటనే చీటీ రాశాడు. ప్రాణభయానికి ఉన్న వేగం సమావేశానికి ఎక్కడినుంచి వస్తుంది!

ఇక్కడ మా ఆస్పత్రి గొప్పతనం చెప్పాలి. ఫొటోలు తారుమారు చేయమని డైరెక్టరు రాశాడు. మాటలు తారుమారు చేయమని ప్రచారం ఆయన ఫోనులో చెప్పాడు. బోర్డు అచ్చువేసేవాడు నిజాయితీపరుడు. ఎవరి మాటా కాదనకుండా రెండూ చేశాడు. కొత్త బోర్డు మెరిసిపోతూ లేచింది. చిక్కిన పాప కింద 'ముందు', ఉబ్బిన పాప కింద 'తర్వాత'.

వార్డులో పిల్లకు నీరు తీయడం మొదలైంది. ముఖం దిగింది. అత్త సంతోషంతో నాకు ఇంట్లో రోజూ అదే కథ. తల్లికి మాత్రం భయం పట్టుకుంది. బొద్దుగా తెచ్చిన పిల్ల కళ్ళముందే ఎముకల గూడవుతోంది. అత్త ఎంత చెప్పినా తల ఊపేది గాని, ఆ చూపు నమ్మిన చూపు కాదు.

కొత్త బోర్డు లేచిన మర్నాడు పొద్దున మేము గేటు దగ్గరికి వచ్చేసరికి ఆమె పిల్లను చంకన వేసుకుని బయటికి వస్తోంది. చేతిలో బట్టల సంచి.

"ఎక్కడికమ్మా?" అంటూ అత్త స్కూటరు ఆగకముందే దిగింది.

"ఇంటికి. బోర్డు కొత్తగా పెట్టారుగా, మళ్ళీ అదే చెప్తోంది. నా పిల్ల 'తర్వాత' బొమ్మలా వచ్చింది, మీరు 'ముందు' బొమ్మలా చేశారు. మాకొద్దమ్మా మీ వైద్యం."

అత్త తలెత్తి బోర్డు చూసింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరినైనా కొట్టాలనిపించింది. ఎవరిని కొట్టాలి? ఆ తల్లి తప్పు చదవలేదు, మేమే తప్పు రాసి పెట్టాం. ఇప్పుడు ఆ పిల్ల ఇంటికి వెళ్తే, చిక్కిందని జాలిపడి కడుపునిండా పెడతారు. పెడితే రెండు రోజులు కూడా బతకదు. అది అత్తకు తెలుసు, నాకు తెలుసు. చెప్పడానికి ఆవిడ దగ్గరున్న విద్య అంతా ఆ బోర్డు ముందు ఎందుకూ పనికిరాలేదు.

ఎప్పుడూ ఎవరినీ బతిమాలని మనిషి, బస్టాపులో జనమంతా చూస్తుండగా రోడ్డు మీద కూలబడి ఆమె కాళ్ళు పట్టుకుంది. ఈసారి నిజంగా.

"నీ కాళ్ళు పట్టుకుంటానమ్మా, తీసుకెళ్ళకు. బోర్డు అబద్ధం. ఈ ఒక్కసారి నా మాట నమ్ము."

"అయ్యో, పెద్దదానివి, అంత మాటనకు తల్లీ, లే లే" అని ఆమె ఏడుస్తూ అక్కడే ఆగిపోయింది.

అత్త లేవలేదు. నేను వంగి పైకి లేపబోయాను. ఆవిడ ఆ తల్లి పాదాన్నే చూస్తోంది. అలవాటు చొప్పున బొటనవేలు నొక్కేసిందట. వేలు తీసిన చోట సొట్ట అలాగే ఉంది.

మా వార్డులో తిండి పిల్లకే గాని తల్లికి పెట్టరు. ఆ నిబంధన ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు, మా అత్తతో సహా ఎవరూ అడగలేదు.

"నువ్వు ఎప్పుడు తిన్నావమ్మా?" అంది అత్త.

ఆమె కళ్ళు తుడుచుకుంటూ, ప్రశ్న తనకే వేశారా అన్నట్టు చంకలో పిల్లను చూసి, మళ్ళీ అత్తను చూసింది.

"నేనా?" అంది.