పరుపుల గదిలో వంత పాట

నాది పరుపుల దుకాణం. ముందు గదిలో అమ్మకం, వెనక గదిలో సరుకు. వెనక గదిలో నాలుగు గోడలకూ పరుపులు నిలబెట్టి ఉంటాయి, మధ్యలో ఒక మనిషి కాళ్లు చాపుకునేంత జాగా మిగులుతుంది. అక్కడ నిలబడి గొంతు చించుకున్నా ముందు గదికి వినబడదు. ఈ సంగతి మొదట కనిపెట్టింది నా భార్య. నామీద కోపం వచ్చినప్పుడల్లా అక్కడికెళ్లి నాలుగు తిట్టుకుని, చల్లబడి వస్తుంది. తరవాత కనిపెట్టింది ఆమె తమ్ముడు.

ఆ తమ్ముడు రాక్ బ్యాండులో బేస్ గిటార్ వాయించేవాడు. బేస్ అంటే ఏమిటని చుట్టాలు అడిగితే నేనే చెప్పేవాణ్ణి, "అది మోగుతున్నంతసేపూ ఉందని తెలీదు, ఆగిపోతే మాత్రం ఇంట్లో ఎవరో లేనట్టుంటుంది" అని. మనిషీ అంతే. వేదిక మీద డ్రమ్ముల పక్కన, లైట్లు సరిగా పడని మూలన నిలబడేవాడు. పాటలు కట్టేది వాడు. ముందుకొచ్చి పాడేది వాడి చిన్ననాటి స్నేహితుడు. ఆ గాయకుడు పాడుతుంటే మావాడు కింది స్వరంలో వంత పాడేవాడు. బ్యాండువాళ్లు వాడికి మూలాయన అని పేరు పెట్టారు, ఇంట్లో మేమూ అదే ఖాయం చేశాం.

వాడంటే నాకు ప్రాణం. ఎదురుగా మాత్రం అనను, అంటే నెత్తికెక్కుతాడు.

ఒకరోజు గిటార్ భుజాన వేసుకుని, ముఖం వేలాడేసుకుని దుకాణానికొచ్చాడు. ఒకావిడ పరుపు మీద పడుకుని అటూ ఇటూ దొర్లి చూస్తోంది. ఆవిడ లేచి వెళ్లేదాకా గోడవైపు తిరిగి నిలబడి, అప్పుడు చెప్పాడు.

"బ్యాండు మానేశాను బావా."

సంగతేమిటంటే, కొత్తగా కట్టిన పాటొకటి తనే పాడతానని అడిగాడట. ఇన్నేళ్లలో నోరు తెరిచి అడగడం అదే మొదలు. గాయకుడు నవ్వేసి, "నువ్వు పాడితే వెనక వంత ఎవడు పాడతాడ్రా?" అన్నాడట. మిగతావాళ్లూ నవ్వారట.

"ఎగతాళికి అన్లేదు బావా. నిజంగానే అడిగాడు. ఎగతాళికి అనుంటే నాలుగు తిట్టి ఊరుకునేవాణ్ణి."

"ఇప్పుడేం చేస్తావు మరి?"

"సొంతంగా ఆల్బమ్ చేస్తా. పాటలన్నీ నేనే పాడతా."

"ఎక్కడ?"

వాడు వెనక గది వైపు చూశాడు. వాడి అక్క నా వైపు చూసింది. ఇక నేను చెప్పడానికేముంది?

ఆ రోజు నుంచి నా వ్యాపారానికి కష్టాలు మొదలయ్యాయి. మైకు పెట్టగానే, నేల అదురుతుందని కుట్టుమిషన్ ఆపాలి. పరుపులు చుట్టూ ఉంటేనే గొంతు శుభ్రంగా వినిపిస్తుందట, ఒక్కటి కదిలించినా ఒప్పుకోడు. డ్రమ్ముల బదులు దూది దులిపే కర్రతో నా పరుపునే కొట్టేవాడు. ఒకాయన ఏరికోరి పీచు పరుపు కావాలంటే, "అది ప్రస్తుతం పాటలో ఉందండీ" అని చెప్పి కుర్చీ వేశాను. పాపం, ఆయన మళ్లీ రాలేదు.

చివరికి పాటలన్నీ అయ్యాయన్నాడు. మమ్మల్నిద్దర్నీ వెనక గదిలో కూర్చోబెట్టి కంప్యూటరులో మొదటి పాట పెట్టాడు. తను పాడతానని అడిగిన పాట అదే. వాయిద్యం బాగుంది. గొంతు కూడా, ఇంట్లో మనిషి పక్కనే కూర్చుని మాట్లాడినట్టుంది. అయినా ఏదో వెలితి. నాకు సంగీతం తెలీదు కాబట్టి బుద్ధిమంతుడిలా తల ఊపుతూ కూర్చున్నాను.

నా భార్య దబ్బనంతో పరుపు అంచు కుడుతూ వింటోంది. వింటూ వింటూ సన్నగా కూనిరాగం మొదలుపెట్టింది. వాడు పాడుతున్న వరస ఒకటి, ఈమె తీస్తున్న రాగం ఇంకొకటి. కానీ రెండూ కలిసేసరికి ఆ వెలితి పోయింది. పాట నిండుగా అయిపోయింది.

వాడు పాట ఆపేశాడు. "ఏం పాడుతున్నావక్కా?"

"నీ పాటేరా. నువ్వు పాడింది దీని కింద వంత కదా? అసలు పాట ఎవరు పాడతారు?"

వాడి ముఖం పాలిపోయింది. ఇంకో పాట పెట్టాడు, ఇంకోటి పెట్టాడు. అన్నీ అంతే. రికార్డు చేసేటప్పుడు చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని కళ్లు మూసుకోగానే వాడి తలలో ఆ గాయకుడు పాడటం మొదలుపెట్టేవాడు. మావాడు బుద్ధిగా దాని కింద వంత పాడుకుంటూ పోయాడు. సొంత ఆల్బమ్ అని చెప్పి, అక్కడ లేని మనిషికి మొత్తం వంత పాడి పెట్టాడు. నేను నవ్వబోయి వాడి కళ్లు చూసి ఊరుకున్నాను.

అక్క తీసిన పై వరసలో మళ్లీ పాడబోయాడు. మొదటి చరణం నిలబడేది, రెండో చరణానికి గొంతు కిందికి జారిపోయేది. పరుపు మీద ఏళ్లతరబడి ఒక్కచోటే పడుకుంటే గుంట పడుతుంది. తరవాత ఎటు దొర్లినా మనిషి అందులోకే జారతాడు. ఇంటికొచ్చి పాడినా అంతే, దారిలో పాడుకున్నా అంతే. మెల్లగా పాడటమే మానేశాడు.

సరిగ్గా అప్పుడే గాయకుడు దిగాడు. మావాడి స్థానంలో పెట్టుకున్నవాడు బాగానే వాయిస్తున్నాడట గానీ నోరు విప్పడట. వరసగా కచేరీలున్నాయి.

"వచ్చేయరా. నువ్వు లేకపోతే నా గొంతు నాకే బోసిగా వినిపిస్తోంది."

మావాడు నేల చూశాడు. "వస్తాలే. నాకొచ్చింది వంతే కదా."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఏమోయ్, ఇన్నాళ్లు నా దుకాణం మూయించింది ఇందుకేనా?" అని వాడి మీద అరిచి, గాయకుడి వైపు తిరిగాను. "నువ్వూ విను నాయనా. నువ్వు నవ్విన పాట ఎలా ఉంటుందో విని, అప్పుడు తీసుకుపో."

ఇద్దర్నీ వెనక గదిలోకి తోశాను. నా భార్య కంప్యూటరు దగ్గరికెళ్లి, గొంతు తీసేసి ఒట్టి వాయిద్యం పెట్టింది. పాట మొదలయ్యే చోటు రాగానే గాయకుడు అలవాటు కొద్దీ నోరు తెరిచాడు.

మూలాయన చెయ్యెత్తాడు. "ఒరేయ్. అది నాది."

అంత గట్టిగా వాడు మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. గాయకుడు నోరు మూసుకున్నాడు. వాడు పై వరసలో అందుకున్నాడు. మొదటి చరణం నిలబడింది. రెండో చరణం వస్తుంటే నా భార్య నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. వాడి గొంతు వణికింది, జారబోయింది.

ఆ కింది వరసలో అప్పటికే ఎవరో ఉన్నారు. గాయకుడు. తడబడుతూ, స్వరం వెతుక్కుంటూ, సిగ్గుపడుతూ వంత పాడుతున్నాడు. కొత్తగా నేర్చుకునేవాడికన్నా అధ్వానంగా పాడుతున్నాడు. కానీ అక్కడ చోటు లేకపోయేసరికి మావాడి గొంతు పైకే వెళ్లింది, చివరిదాకా పైనే ఉంది. నేను ఏడ్చాను. ఎందుకు దాచాలి?

పాట అయ్యాక గాయకుడు ముఖం తుడుచుకున్నాడు. "రావన్నమాట."

"రాను."

మిగతా పాటలన్నీ తరవాత మూలాయన ఒక్కడే పాడుకున్నాడు, ఎవరి సాయమూ లేకుండా. ఆ ఒక్క పాట మాత్రం ఇద్దరితో కావాలని పట్టుబట్టాడు. గాయకుడు కచేరీకి బయల్దేరే ముందు ఒప్పుకుని వచ్చాడు. మైకు పెట్టారు, కుట్టుమిషన్ ఆపాం. పేరుమోసిన ఆ మనిషి పరుపుల మధ్య చేతులు కట్టుకుని, ఎటు పోవాలో తెలీక నిలబడ్డాడు.

"నేనెక్కడ నిలబడాలిరా?"

"అదిగో, ఆ మూలకి," అన్నాడు మావాడు. "ఇంకాస్త వెనక్కి."