కుంటలో పోసిన మామిడిపళ్ళు

మా తోటలో చెట్లకి నీళ్ళు పెట్టడానికి తవ్వించిన కుంట ఒకటుంది. దాన్లో చేపలు పెంచాలన్న ఆలోచన మాది కాదు. మాది నూజివీడులో మామిడి వ్యాపారం చేసుకునే ఇల్లు, నీచు వాసన ఎప్పుడూ మా గడప దాటి రాలేదు. ఆ ఆలోచన తోటకి కాపలా ఉండే అతని భార్యది. ఆమె పుట్టిల్లు కొల్లేరు పక్క. మామిడిచెట్ల మధ్యకి కాపురానికొచ్చి ఇరవై ఏళ్ళు దాటినా, నీళ్ళు కనబడితే చాలు, ఆగి వంగి చూడకుండా ఉండలేదు.

కిందటేడు వానలు మొదలవగానే మావారిని అడిగేసింది.

"కోతలయ్యాక మాకు పనుండదండీ. బియ్యం ఎలాగో వస్తాయి, కూరకే కటకట. ఆ కుంట ఊరికే పడుంది. నీళ్ళు మీవి, చేపలు మావి. ఏమంటారు?"

"అమ్మకానికా?" అన్నారాయన.

"అమ్మకానికైతే చెరువులు కావాలండీ. ఇది కంచంలోకి."

ఆయన నావైపు చూశారు. మనం తినకపోతేనేం, ఒకరి కంచంలోకి వెళ్ళేదాన్ని వద్దనడానికి నాకు నోరు రాలేదు. తలూపాను.

వారంలోపే పుట్టింటికి వెళ్ళి, హనుమాన్ జంక్షన్‌లో బస్సు మారి, గాలి నింపిన ప్లాస్టిక్ సంచిలో చేపపిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది. బొచ్చెలూ, శీలావతులూ. "వాటికి టిక్కెట్టు తీశావా అమ్మా?" అని కండక్టరు వేళాకోళమాడితే, "ఒడిలో పిల్లలకి టిక్కెట్టేంటయ్యా!" అందట. ఆ మాట తోటంతా చెప్పుకుని నవ్వుకున్నాం.

మేత వేసే పని నేను అడిగి తీసుకున్నాను. నేను బడికి వెళ్ళినదాన్ని కాదు. మా నాన్నగారు కొట్లో బస్తాల పక్కన కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించారు. మిగతాదంతా మా అమ్మ వంటింట్లోనూ, దేవుడి దగ్గరా నేర్పింది. నోరులేని జీవానికి ఇంత పెట్టాకే మనం తినాలన్నది ఆవిడ పాటించిన నియమం. అందుకని రోజూ పొద్దున్నే పూజ చేసుకుని, మావారి బండి మీద తోటకి వచ్చేదాన్ని. తవుడూ వేరుశెనగ చెక్కపొడీ కలిపి, చిల్లులు పెట్టిన సంచిలో నింపి, నీళ్ళలో పాతిన కర్రకి కట్టేదాన్ని. చేపలు వచ్చి సంచిని పొడుస్తుంటే నీళ్ళు కదిలేవి. అలా చూస్తూ ఎంతసేపు నిలబడ్డానో మావారు హారన్ కొడితేగాని తెలిసేది కాదు.

ఈ వేసవిలో ఆమె కూతురు పురిటికి వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. "కోతలైపోయాక బాలింతకి ఈ కుంటే దిక్కండీ. చేప తింటే పాలు పడతాయి" అనేది ఆమె. అప్పటికి చేపలు మూరెడేసి ఎదిగాయి.

కోతల మధ్యలో గాలివాన వచ్చింది. తెల్లారేసరికి చెట్ల కింద చిన్నరసాలు పరుపు పరిచినట్టు పడున్నాయి. బాగున్నవి ఏరి బజారుకి పంపేశాం. పగిలినవి కుప్పపడి ఈగలు ముసిరాయి. అన్ని పళ్ళు మట్టిపాలవుతుంటే నాకు మనసొప్పలేదు. ఆమె తోట చివరి షెడ్డులో కూలి ఆడవాళ్ళతో కలిసి కాయలు సర్దుతోంది. ఎవరికీ చెప్పకుండా ఆ రోజూ మర్నాడూ కలిపి ఆరు గంపలు కుంటలో పోసేశాను. చేపలు వాటిని ముక్కులతో నెడుతుంటే నైవేద్యం పెట్టినంత తృప్తిగా ఇంటికి వెళ్ళాను.

తరవాత రెండు రోజులూ మబ్బు పట్టే ఉంది, ఆకు కదల్లేదు. మూడో రోజు పొద్దున్న వెళ్ళేసరికి కుంటలో చేపలన్నీ పైకి వచ్చి నోళ్ళు తెరిచి మూస్తున్నాయి. నన్ను చూసే వచ్చాయనుకున్నాను. చేతులు జోడించి, గుడిసెలోంచి వస్తున్న ఆమెని కేకేశాను.

"ఏమ్మా, ఇలా రా! చూడు, ఎలా నోళ్ళు తెరిచి అడుగుతున్నాయో!"

ఆమె ఒక్క చూపు చూసి చేతిలో చెంబు పడేసింది.

"అడగటం కాదమ్మగారూ! వాటికి ఊపిరాడట్లేదు!"

గట్టు దిగి నీళ్ళు దోసిట్లోకి తీసి వాసన చూసింది. పులిసిన వాసన. రెండోసారి చెయ్యి పెడితే కుళ్ళిన పండు వచ్చింది. దాన్నీ నన్నూ మార్చి మార్చి చూసింది.

"నేనే పోశాను. ఆరు గంపలు" అన్నాను.

ఆమె ఆ పండుని గట్టు మీదకి విసిరి భర్తని కేకేసింది. బోరు మోటారు వేద్దామంటే ఇంకా కరెంటు రాలేదు. ఇద్దరూ కుంటలోకి దిగి మామిడికొమ్మలతో నీళ్ళు బాదడం మొదలుపెట్టారు. పళ్ళు కుళ్ళి నీళ్ళలో గాలి తినేశాయట, అలా చిలికితే మళ్ళీ చేరుతుందట. నేను చీర చెక్కుకుని మోకాలి లోతుకి దిగాను. గంపతో కుళ్ళిన పళ్ళు తోడి గట్టు మీద పోశాను. చల్లటి చేపలు కాళ్ళకి తగిలి పక్కకి ఒరిగిపోతుంటే, మనసులో ఏ నామం మొదలుపెట్టినా సగంలోనే ఆగిపోయింది. మావారు చెప్పులు విప్పి వచ్చి నా పక్కన గంప అందుకున్నారు.

కరెంటు వచ్చాక బోరు గొట్టాన్ని ఎత్తుగా కట్టి, నీళ్ళు బండ మీద పడి చిట్లేలా పెట్టారు. మధ్యాహ్నానికి చేపలు మెల్లగా లోతుకి దిగాయి. సగానికి కాస్త తక్కువే పోయాయి. పెద్దవే ఎక్కువ పోయాయి. ఆమె వాటిని అప్పటికప్పుడే బాగుచేసి, షెడ్డులో ఆడవాళ్ళందరికీ పంచింది. మిగిలినవి ఉప్పు పెట్టి ఎండేసింది.

సాయంత్రం పక్కన కూర్చుని, "దేవుడికి కూడా ఇలాగే పెడతారా అమ్మగారూ, ఊపిరాడకుండా?" అంది. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. మర్నాటి నుంచి మేత కొలిచి ఇవ్వడం మొదలుపెట్టింది. ఒక గిన్నెడు. "ఇవాళ్టికి మీ పుణ్యం ఇంతే" అనేది.

ఆషాఢంలో తోట ఖాళీ అయింది. షెడ్డుకి తాళం పడింది. ఒకరోజు నేను వెళ్ళేసరికి ఆమె వల వేసి బొచ్చెని పట్టింది. ఏడాదికి రెండుసార్లు కాసే పునాస మామిడిచెట్టున నాలుగు కాయలుంటే కోసి ఇచ్చాను. ఆమె వాటిని ముక్కలు తరుగుతూ, "వెయ్యాల్సింది ఇందులోనండీ" అని పులుసు దాక చూపించింది.

కూతురు అన్నం ముందు కూర్చుంది. పాపని నేనెత్తుకుని గుమ్మం బయట అరుగు మీద కూర్చున్నాను. పులుసు వాసన వచ్చింది. కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకోవాలనిపించలేదు. బాలింత రెండోసారి అన్నం పెట్టించుకుంటుంటే దేవుడికి మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను.

ఇంతలో పాప కళ్ళు మూసుకునే నోరు తెరిచింది, మూసింది, మళ్ళీ తెరిచింది. గబుక్కున దాని ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను.

ఆమె నా మొహం చూసి గట్టిగా నవ్వింది.

"ఇది మాత్రం అడగటమేనండీ. తల్లి చెయ్యి కడుక్కుంటోంది, ఇలా ఇచ్చెయ్యండి."