మేస్త్రీ ఎంచిన మందుల బీమా

బస్సు డిపో షెడ్డులో ఒక పద్ధతి ఉండేది. బండి రిపేరై బయటికి వెళ్ళాలంటే మేస్త్రీ వచ్చి, ఇంజను చప్పుడు విని, "పోనీ" అనాలి. ఆయన అన్నాక ఇంకొకడు బానెట్ ఎత్తి చూడటమనేది లేదు. చూశాడంటే మేస్త్రీని అవమానించినట్టే. ఇంజన్ల వరకూ ఆ పద్ధతి బాగానే నడిచింది, కాదనను. చిక్కల్లా అందరూ రిటైరయ్యాక మందుల బీమా దగ్గర వచ్చింది.

ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ మందులు కంపెనీయే ఇచ్చేది. దిగిపోయాక మూడు బీమా పథకాల్లో ఎవరికి కావలసింది వాళ్ళే ఎంచుకోవాలి. ఏడాదికి ఒక్కసారే అవకాశం. షెడ్డు జనమంతా టీకొట్టు దగ్గర చేరి ఆ కాగితాలు తెచ్చి మేస్త్రీ చేతిలో పెట్టారు. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుని, గొంతు సవరించుకుని, పేజీలు తిప్పాడు. ఒక్క ముక్క బుర్రకెక్కితే ఒట్టు! మనం కట్టే వాటా అంట, మినహాయింపు అంట, మందుల జాబితా అంట. అర్థం కాలేదని అనొచ్చుగా ఆ మహానుభావుడు? అంతమంది నోళ్ళు తెరుచుకుని చూస్తుంటే ఎలా అంటాడు! నెలనెలా కట్టేది ఎందులో తక్కువో అదొక్కటే చూసి, "రెండోది తీసుకోండి" అన్నాడు. అందరూ కళ్ళు మూసుకుని అదే తీసుకున్నారు.

ఆయనకేం, గుండ్రాయిలాంటి మనిషి, మింగే మందులతో పనిలేదు. కొన్ని నెలలు గడిచాక ఓ రోజు మోకాలికి రాసుకునే మందు కోసం మందుల షాపుకు వెళ్తే, షాపతను మాటల్లో మాటగా అన్నాడు.

"మీ నూనెడబ్బా బాబాయ్ ఊళ్ళో లేరా సార్? మీ పథకం జాబితాలో ఆయన గుండె బిళ్ళ లేదని చెప్పాను. అప్పట్నుంచి ఇటు రావడమే మానేశారు."

నూనెడబ్బా అంటే షెడ్డులో బండ్లకు నూనె పోసిన మనిషి, మేస్త్రీకి ప్రాణస్నేహితుడు. మేస్త్రీ మొహం మాడిపోయింది. కొన్న మందు అక్కడే వదిలేసి తిన్నగా స్నేహితుడి ఇంటికి నడిచాడు. నూనెడబ్బా తలుపైతే తీశాడు గానీ, మళ్ళీ కుర్చీ దాకా వెళ్ళడానికి గోడ పట్టుకోవలసి వచ్చింది. పాదాలు వాచి ఉన్నాయి.

"బిళ్ళలు మానేశావటగా?"

"కాస్త నెమ్మదించిందని ఆపా."

"నా మొహం చూసి చెప్పరా."

చూడలేదు. "సొంతంగా కొనాలంటే మాటలా అన్నా? అయినా నువ్వు మా మంచికే చెప్పావు, వదిలెయ్" అన్నాడు.

తిట్టినా బాగుండేది. మేస్త్రీకి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. అప్పటికప్పుడు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి, ఇద్దరూ చివాట్లు తిని, బిళ్ళలు మళ్ళీ మొదలుపెట్టించాడు. వాపు తగ్గాక ఇద్దరూ బీమా ఆఫీసుకు వెళ్ళారు.

కిటికీ వెనకున్న అమ్మాయి కంప్యూటర్లో చూసి పెదవి విరిచింది.

"ఇందులో కట్టేది తక్కువ, జాబితాలో మందులూ తక్కువే. ముందు మీరు వాడే మందులు ఉన్నాయో లేదో చూసుకోవాలి, ఆ తర్వాతే రేటు. అది చూడకుండా ఎలా తీసుకున్నారు తాతగారూ? చదువు రాదా?"

వరసలో వెనకాల ఎవరో కిసుక్కున నవ్వారు. నూనెడబ్బా తల దించుకున్నాడు.

"నాదే తప్పమ్మా. తొందరపడ్డాను."

మేస్త్రీ పక్కనే ఉన్నాడు. ఆ చివాట్లు తనవి. నోరు తెరిచి ఆ మాట చెప్పాలి. పెగల్లేదు, పాడు నోరు!

"మీకు వేరే మందు పడదని డాక్టరు రాసిస్తే జాబితాలో లేకపోయినా ఈ ఒక్క బిళ్ళ ఇమ్మని మినహాయింపు అడగొచ్చు. ఇస్తారో లేదో నేను చెప్పలేను. ఇంకెప్పుడూ ఇలా చెయ్యకండి."

"చెయ్యనమ్మా" అన్నాడు నూనెడబ్బా, బడిపిల్లాడిలా చేతులు కట్టుకుని.

ఇక మేస్త్రీ తట్టుకోలేకపోయాడు.

"అతన్ననకమ్మా. తీసుకోమన్నది నేను. నాకే అర్థం కాలేదు. అర్థమైనట్టు నటించాను."

బయటికొచ్చాక నూనెడబ్బా విసుక్కున్నాడు.

"నలుగురిలో ఎందుకన్నా ఆ మాట? నీకు అర్థం కాలేదని నాకు టీకొట్టు దగ్గరే తెలుసు. చదివేటప్పుడు నీ వేలు వరస వెంట నడుస్తుంది. ఆ రోజు కదల్లేదు."

"తెలిసి కూడా ఎందుకు తీసుకున్నావురా?"

"నేను వేరేది తీసుకుంటే, నీ మాట నమ్మలేదని అందరికీ తెలిసిపోదూ?"

మేస్త్రీ మెట్ల మీదే కూలబడ్డాడు. కళ్ళనీళ్ళు కారిపోతున్నాయి. నూనెడబ్బా పక్కన కూర్చుని, "ఊరుకో అన్నా, ఊరుకో" అని వీపు నిమిరాడు. ఆ రోజు టీకొట్టు దగ్గర నిలబడ్డ మిగతావాళ్ళు మేస్త్రీకి ఒక్కొక్కరే గుర్తొచ్చారు. వాళ్ళలో ఇంకెవరు తన పరువు కోసం ఏ మందు మానేశారో కనుక్కోవడానికి, ఆ సాయంత్రమే మేస్త్రీ ఒక్కో తలుపూ తట్టడం మొదలుపెట్టాడు.